రిజిస్ట్రీ క్లీనర్ల మీద మీ మాట విండోస్‌లోనే చెప్పండి: సత్య నాదెళ్ల గారికి బహిరంగ లేఖ

సెక్టర్ 7, భిలాయి, ఛత్తీస్‌గఢ్ నుంచి

మైక్రోసాఫ్ట్ ఛైర్మన్, సీఈఓ శ్రీ సత్య నాదెళ్ల గారికి,

ఇంటి కంప్యూటర్‌లో రిజిస్ట్రీ క్లీనర్, అంటే విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోంచి పనికిరాని పద్దులు తుడిచేస్తామనే సాఫ్ట్‌వేర్, వాడాలా వద్దా అన్న ప్రశ్నకు మీ సంస్థ దగ్గర సమాధానం ఎప్పటి నుంచో ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడకాన్ని మేం సమర్థించం, దానివల్ల వచ్చే సమస్యలకు మాకు బాధ్యత లేదు, ఆ సమస్యలు సరిచేయలేనంత దూరం పోవచ్చు, విండోస్‌నే మళ్లీ ఎక్కించుకోవలసి రావచ్చు, పోయిన సమాచారం తిరిగి రాకపోవచ్చు అని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ విధానంలో తేటగా రాసి ఉంది. ఆ మాటతో నాకు పేచీ లేదు, అది నూటికి నూరు పాళ్లూ నిజం. అది ఎవరి కోసం రాశారో వాళ్ల కంట పడటం లేదన్నదే నా బాధ. సపోర్ట్ సైట్‌లో వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు మాత్రమే దొరికే ఆ హెచ్చరికను విండోస్ లోపలికి, తెలుగులోకి, అవసరమైన క్షణానికి తీసుకురావాలని అడగడానికే ఈ లేఖ.

ఈ విన్నపం భిలాయి నుంచి ఎందుకంటే, ఇక్కడి ఇళ్లలో ఆ అవసరం బాగా కనిపిస్తుంది. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్లు ఈ సెక్టర్లలో తరాలుగా స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ. పిల్లల చదువు కోసం కొన్న డెస్క్‌టాప్, ఆ పిల్లలు ఉద్యోగాలకని హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయాక, రిటైరైన తల్లిదండ్రుల చేతికి వస్తుంది. పింఛను కోసం జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్, పీఎఫ్ లెక్కలు, కరెంటు బిల్లు, మనవళ్లతో వీడియో కాల్ అన్నీ దాని మీదే. అది నెమ్మదించిన రోజున పక్కన కూర్చుని చూసిపెట్టే మనిషి ఉండడు. అలాంటప్పుడు తెర మీద ఒక ప్రకటన లేస్తుంది: మీ రిజిస్ట్రీలో వందల తప్పులున్నాయి, ఇక్కడ నొక్కితే బాగవుతాయి అని. మీ విధాన పత్రం కంటే ఆ ప్రకటన వాళ్లకు దగ్గర్లో ఉంది.

ఈ క్లీనర్లను నమ్మేవాళ్లు తెలివితక్కువవాళ్లని నేను అనను. ముఖ్యంగా ఈ ఊళ్లో ఆ నమ్మకానికి బలమైన మూలం ఉంది. ప్లాంటులో ముప్పై నలభై ఏళ్లు పనిచేసిన మనిషికి యంత్రమంటే వేళకు మరమ్మతు చేయవలసిన వస్తువు. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కాపిటల్ రిపేర్ చేస్తారు, ఎందుకంటే లోపలి ఇటుక పూత వేడికీ రాపిడికీ నిజంగానే అరిగిపోతుంది. ఆ అనుభవంతో చూస్తే కంప్యూటర్‌కు కూడా ఏడాదికోసారి లోపల శుభ్రం చేయాలన్న మాట న్యాయంగానే వినిపిస్తుంది. రిజిస్ట్రీ విషయంలో మాత్రం అది వర్తించదు. రిజిస్ట్రీ అంటే విండోస్, దానిలో ఎక్కించిన ప్రోగ్రాములు తమ సెట్టింగులను రాసి పెట్టుకునే డేటాబేస్. అందులో ఒక పద్దు పదేళ్లు ఉన్నంత మాత్రాన అరగదు, తుప్పు పట్టదు, పక్క పద్దుకు అడ్డం రాదు. వాడని పద్దును ఎవరూ అడగరు కాబట్టి అది పని చేసే పద్దుల దారిలోకే రాదు.

రిజిస్ట్రీలో ఎలా వెతుకుతారో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒక ప్రోగ్రాము తనకు కావలసిన సెట్టింగు కోసం రిజిస్ట్రీ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవదు. పూర్తి చిరునామా ఇచ్చి అడుగుతుంది. విండోస్ ఆ చిరునామా ప్రకారం కొమ్మ తర్వాత కొమ్మ దిగి నేరుగా అక్కడికి వెళుతుంది. ఎప్పుడో తీసేసిన ఆటల ప్రోగ్రాము తాలూకు మిగులు వేరే కొమ్మ మీద ఎంత పడి ఉన్నా ఈ ప్రయాణం ఒక్క అడుగు కూడా పెరగదు. ఇక చోటు సంగతి. క్లీనర్ వెయ్యి పద్దులు పట్టుకుందనీ, ఒక్కొక్కటి 200 బైట్లనీ అనుకుందాం. మొత్తం 200 కిలోబైట్లు. ఫోనులో తీసిన ఒక మామూలు ఫొటో అంతకు పది రెట్లు ఉంటుంది. నమ్మకం కుదరనివాళ్లు తామే చూసుకోవచ్చు. విండోస్ 10 లోని 2018 నాటి 1803 వెర్షన్ నుంచి టాస్క్ మేనేజర్‌లో రిజిస్ట్రీ అన్న పేరుతోనే ఒక ప్రాసెస్ కనిపిస్తుంది. అది తీసుకునే మెమరీని, పక్కనే తెరిచి ఉన్న బ్రౌజర్ తీసుకునే మెమరీని పోల్చి చూస్తే అసలు భారం ఎక్కడుందో తెలిసిపోతుంది.

మీ సంస్థలో అజూర్‌కు చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌గా ఉన్న మార్క్ రసినోవిచ్, మైక్రోసాఫ్ట్‌లో చేరక ముందే, 2005లో ఈ విషయం మీద రాశారు. విండోస్ లోపలి నిర్మాణం ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు బయట తక్కువ. రిజిస్ట్రీలో మిగులు పద్దులు ఉండటం విండోస్‌లో మామూలేనని, రిజిస్ట్రీ బాగా ఉబ్బిపోయినా దాన్ని ఆసాంతం గాలించే పనులు తప్ప మిగతావేవీ చెప్పుకోదగ్గంత నెమ్మదించవని ఆయన తేల్చారు. ఇరవై ఏళ్ల కిందటి హార్డ్ డిస్కుల మీదే అది నిజమైతే ఇప్పటి ఎస్ఎస్‌డీల మీద దాని గురించి మాట్లాడుకోవడం కూడా అనవసరం.

అయినా ఇంత పాత నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. రిజిస్ట్రీ తొలిరూపం 1992లో విండోస్ 3.1తో వచ్చింది. మీరు మైక్రోసాఫ్ట్‌లో చేరిందీ ఆ ఏడాదే కాబట్టి దాని చరిత్ర మీ కళ్ల ముందే నడిచింది. విండోస్ 95 కాలంలో ఇంటి కంప్యూటర్ల ర్యామ్ 8, 16 మెగాబైట్లు ఉండేది. విండోస్ 2000 వరకూ రిజిస్ట్రీకి ఒక పరిమాణ పరిమితి కూడా ఉండేది, ఎందుకంటే అది పేజ్డ్ పూల్ అనే పరిమితమైన మెమరీలో కూర్చోవాలి. అప్పట్లో రిజిస్ట్రీని తగ్గించమనడంలో కొంత అర్థం ఉంది. రెగ్‌క్లీన్ అనే పనిముట్టును అప్పట్లో మైక్రోసాఫ్టే ఇచ్చింది, తర్వాత ఉపసంహరించుకుంది. 2001లో ఎక్స్‌పీ వచ్చి ఆ పరిమితిని తీసేసింది, కావలసిన భాగాన్ని మాత్రమే మెమరీలోకి తెచ్చుకునే పద్ధతి పెట్టింది. కారణం అక్కడితో పోయింది, అలవాటు మిగిలింది, ఆ అలవాటు మీద వ్యాపారం పెరిగింది. విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ అనే మరో పనిముట్టును కూడా 2010లో మీ సంస్థ వెనక్కి తీసుకుంది, అది ఒకదాన్ని బాగుచేయబోయి మరొకదాన్ని పాడుచేస్తోందని. విండోస్‌ను తయారుచేసినవాళ్ల చేతిలోనే సరిగ్గా కుదరని పని, విండోస్ లోపల ఏముందో బయటి నుంచి ఊహించే చిన్న ప్రోగ్రాముకు ఎలా కుదురుతుంది?

ఊహ అన్న మాట తెలిసే వాడుతున్నాను. ఒక పద్దు పనికిరానిదని క్లీనర్ ఎలా నిర్ణయిస్తుంది? చాలావరకు ఒకే పరీక్ష: ఆ పద్దు చూపే ఫైలు ఆ చోట ఉందా లేదా అని. ఆ ఫైలు ఇప్పుడు తగిలించి లేని ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉండొచ్చు. కొన్ని ప్రోగ్రాములు ఖాళీగా కనిపించే పద్దునే గుర్తుగా వాడుకుంటాయి, అది ఉందా లేదా అన్నదే వాటికి సమాచారం. క్లీనర్‌కు ఈ తేడా తెలియదు. తెలుగు ఇళ్లలో ఇది ఇంకొంచెం సున్నితమైన సంగతి. పెళ్లి శుభలేఖల నుంచి సంఘం కరపత్రాల దాకా తెలుగు డీటీపీ ఏళ్ల తరబడి అను స్క్రిప్ట్ లాంటి పాత ప్రోగ్రాముల మీద, వాటి ప్రత్యేక ఫాంట్ల మీద నడిచింది. పేరున్న క్లీనర్ల జాబితాలో ఫాంట్లు, షేర్డ్ డీఎల్ఎల్‌లు, ఇన్‌స్టాలర్ పద్దులు విడివిడి అంశాలుగా ఉంటాయి, అన్నిటికీ ముందే టిక్కు పెట్టి ఉంటుంది. జీవన్ ప్రమాణ్ కోసం పెట్టుకున్న వేలిముద్ర పరికరం, ప్రింటరు, డిజిటల్ సంతకం టోకెన్, వీటి డ్రైవర్లూ సర్వీసులూ నమోదయ్యేది కూడా రిజిస్ట్రీలోనే. పింఛనుదారుకు నవంబరులో ఆ పరికరం పనిచేయకపోతే, నాలుగు నెలల కిందట నొక్కిన బటన్ దానికి కారణం కావచ్చని ఎవరికి తడుతుంది? ఈ నష్టంలో అన్నిటికంటే చెడ్డ గుణం అదే. తప్పు జరిగిన రోజూ, తప్పు బయటపడిన రోజూ ఒకటి కావు.

దీనికి గట్టిగా వినిపించే జవాబు ఒకటుంది: క్లీనర్ వాడాక కంప్యూటర్ నిజంగానే చురుకైంది కదా అని. చురుకై ఉండవచ్చు. కానీ ఆ ప్యాకేజీ రిజిస్ట్రీతో పాటు తాత్కాలిక ఫైళ్లు తీసేస్తుంది, కంప్యూటర్ ఆన్ కాగానే లేచే ప్రోగ్రాములను ఆపుతుంది, చివర రీస్టార్ట్ చేయిస్తుంది. ఫలితం ఈ మూడింటిది, పేరు నాలుగోదానిది. ఈ మూడు పనులకూ విండోస్‌లోనే దారులున్నాయి: స్టోరేజ్ సెన్స్, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్, రీస్టార్ట్ బటన్. ఇంకో జవాబు, రిజిస్ట్రీ దెబ్బతింటే కంప్యూటర్ నెమ్మదిస్తుందని, హ్యాంగ్ అవుతుందని మైక్రోసాఫ్టే రాసింది కదా అని. రాసింది, నిజమే. దెబ్బతిన్న రిజిస్ట్రీ వేరు, వాడని పద్దులున్న రిజిస్ట్రీ వేరు. మొదటిది రోగం, దాన్ని రిజిస్ట్రీ క్లీనర్ నయం చేయలేదు. రెండోది రోగమే కాదు.

బ్యాకప్ తీసుకునే కదా తుడిచేది అంటారు మరికొందరు. మంచి క్లీనర్లు తుడవబోయే పద్దుల కాపీ దాచిపెట్టమని అడుగుతాయి, నిజమే. విండోస్ లేవకుండా పోతే ఆ కాపీ ఆ విండోస్ లోపలే చిక్కుకుపోతుంది. లేచినా, నెలల తర్వాత ఏ కాపీలో ఏ పద్దు ఉందో వెతకగలిగినవాళ్లకు మొదట క్లీనర్ అవసరమే ఉండదు. పోనీ, రిజిస్ట్రీలో చేయి పెట్టవలసిన సందర్భాలే లేవా అంటే ఉన్నాయి, దాన్ని కాదనడం అన్యాయం. సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్ మళ్లీ ఎక్కనివ్వదు. తీసేసిన వైరస్ తన స్టార్టప్ పద్దును వదిలిపోతుంది. అప్పుడు ఫలానా చోట ఫలానా పద్దు తీసేయమని ఆ సాఫ్ట్‌వేర్ సంస్థో, యాంటీవైరస్ సంస్థో చెబుతుంది, తెలిసినవాళ్లు ముందు కాపీ దాచుకుని ఆ ఒక్కదాన్నే తీస్తారు. ప్రోగ్రాము ఎక్కక, దిగక మొరాయిస్తే మీ సంస్థ ఇచ్చే ట్రబుల్‌షూటర్ ఉంది. కారణం తెలిసి ఒక పద్దు తీయడానికీ, కారణం లేకుండా ఎనిమిది వందలు తీయడానికీ పోలిక లేదు.

ఉచితంగా వస్తే పోయేదేముంది అన్న మాటకు 2017 జవాబు చెప్పింది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పేరున్న సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోనే దొంగ కోడ్ చొరబడింది. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు 12 దాకా అది సంస్థ సొంత సైటు నుంచే, సరైన డిజిటల్ సంతకంతోనే జనానికి చేరింది. సుమారు 22 లక్షల 70 వేల కంప్యూటర్లలో ఆ వెర్షన్ ఎక్కింది. రెండో దశ దాడికి ఎంచుకున్న సంస్థల జాబితాలో మైక్రోసాఫ్ట్ కూడా ఉంది, ఆ సంగతి మీకు తెలియనిది కాదు. సాఫ్ట్‌వేర్ మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. అవసరం లేని పనికి రిజిస్ట్రీ మొత్తం మీద అధికారం ఇచ్చి మూడో మనిషిని ఇంట్లో ఉంచుకోవడం అంతకంటే పెద్ద ప్రశ్న.

ఇక మోసం కోసమే పుట్టినవి వేరే ఉన్నాయి. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆఫీస్ డిపో, సపోర్ట్.కామ్ సంస్థల మీద చర్య తీసుకుంది. వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే స్కాన్, కస్టమర్ నాలుగు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి అవునన్నా చాలు, మీ కంప్యూటర్‌లో మాల్‌వేర్ లక్షణాలున్నాయని చూపించేది. ఆ కేసు పరిష్కారానికి రెండు సంస్థలూ కలిపి 3 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ సంస్థలు అలాంటి ఆరోపణల మీదే 2 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. మన దేశంలో ఇదే భయం ఫోను దాకా వచ్చింది. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులపై పెట్టిన కేసులు కూడా కలిపి సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. టెక్నికల్ సపోర్ట్ అంటూ ఫోన్ చేసే ముఠాలు వాడే సాధనం కూడా ఇదే: ప్రతి కంప్యూటర్‌లోనూ సహజంగా ఉండే మామూలు పద్దులను, లాగ్ రికార్డులను చూపించి ఇవి ప్రమాదమని బెదిరించడం. రిజిస్ట్రీలో తప్పుల సంఖ్య చూసి భయపడటం ఒకసారి అలవాటైన మనిషిని ఫోనులో భయపెట్టడం తేలిక.

ఈ విషయంలో మీ సంస్థ ఏమీ చేయలేదనను. భయపెట్టి డబ్బు గుంజే క్లీనర్లను 2018 మార్చి 1 నుంచి విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా తీసేయడం మొదలుపెట్టింది. అది చాలా మేలు చేసింది. కానీ మర్యాదగా మాట్లాడే క్లీనర్ అదే అనవసరమైన పని చేస్తే దానికి అడ్డు లేదు. మీ స్టోర్‌లోనే ఆ కోవ ప్రోగ్రాములు దొరుకుతాయి. స్టోర్‌లో ఉందంటే మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్నట్టేనని మామూలు మనిషి అనుకుంటాడు, అలా అనుకోవడంలో తప్పు లేదు. విధాన పత్రం వద్దంటుంది, స్టోర్ ఇస్తుంది. రెండూ మీ సంస్థవే.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బ్యాకప్ సంగతి. 1998లో వచ్చిన విండోస్ 98, రిజిస్ట్రీని రోజుకోసారి తనంతట తానే సరిచూసి కాపీ దాచుకునేది, ఐదు కాపీల దాకా ఉంచేది. తర్వాతి విండోస్‌లు రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో ఆ పని కొనసాగించాయి. 2018లో విండోస్ 10 వెర్షన్ 1803తో ఆ ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేశారు, డిస్కులో విండోస్ ఆక్రమించే చోటు తగ్గించడానికి. కాపీ కావాలనుకునేవాళ్లు దాన్ని తిరిగి మొదలుపెట్టాలంటే రిజిస్ట్రీలోకే వెళ్లి ఒక విలువ చేర్చాలి. రిజిస్ట్రీ జోలికి పోవద్దని మీరు ఎవరికి చెబుతున్నారో వాళ్లకే ఈ దారి! సిస్టం రిస్టోర్ ఉంది కదా అంటారు, కానీ అది చాలా కంప్యూటర్లలో ఆపేసి ఉంటుంది, ఉందని ఇంటివాళ్లకు తెలియదు. కొద్దిపాటి చోటు మిగల్చడం కోసం కోట్ల ఇళ్ల రక్షణ తీసేయడం సరైన లెక్క కాదని నా గట్టి అభిప్రాయం.

నెమ్మదించిన కంప్యూటర్‌కు అసలు మందు ఏమిటో చెప్పకుండా క్లీనర్లను తిడితే సగం పనే అవుతుంది. పాత డెస్క్‌టాపుల్లో ఎక్కువ భాగం తిరిగే హార్డ్ డిస్కు వల్ల నెమ్మదిగా ఉన్నాయి. అది ఒక్కో ముక్క వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటే ఎస్ఎస్‌డీ అందులో నూరో వంతు తీసుకుంటుంది. 4 జీబీ ర్యామ్‌ను 8 చేస్తే బ్రౌజర్ ఊపిరి పీల్చుకుంటుంది. సీ డ్రైవ్ నిండిపోతే ఖాళీ చేయాలి. ఈ ఊరి ధూళిలో, మే నెల ఎండలో సీపీయూ డబ్బా తెరిచి ఫ్యాను శుభ్రం చేయించడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్లాంటు నేర్పిన మరమ్మతు అలవాటుకు సరైన చోటు అదే. వీటికి ఒకసారి పెట్టే ఖర్చు, క్లీనర్‌కు ఏటేటా కట్టే చందాలాగా పోదు.

ఈ మాటలు ఇప్పుడే చెప్పడానికి ఒక కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే కావాలి. ఆ రెండూ లేని కంప్యూటర్లు మా క్వార్టర్లలో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. కొత్తది కొనలేక, పాతది పారేయలేక ఉన్న మనిషికి పాత కంప్యూటర్‌ను కొత్తది చేస్తామనే మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో ఊహించండి. ఈ రెండు మూడేళ్లు క్లీనర్ల వ్యాపారానికి మంచి పంట.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. రిజిస్ట్రీని పెద్దఎత్తున తుడవబోయే ప్రోగ్రాము లేచినప్పుడు, మీ విధాన పత్రంలోని మాటనే విండోస్ తెర మీద, మనిషి ఎంచుకున్న భాషలో చూపించండి. 1998 నుంచి హైదరాబాద్‌లో మీ అభివృద్ధి కేంద్రం ఉంది. నాలుగు వాక్యాలు మంచి తెలుగులో రాయగలిగినవాళ్లు అక్కడ కరువు కారు. రిజిస్ట్రీ ఆటోమేటిక్ బ్యాకప్‌ను ఇంటి కంప్యూటర్లకు తిరిగి ఇవ్వండి, సిస్టం రిస్టోర్‌ను మొదటి నుంచే ఆన్ చేసి పంపండి. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములకు మీ స్టోర్‌లో చోటు తీసేయండి. కంప్యూటర్ ఎందుకు నెమ్మదించిందో, డిస్కా, ర్యామా, వేడా, నిండిన సీ డ్రైవా అన్నది విండోస్ సెట్టింగుల్లోనే ఒకచోట అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఆ ఖాళీని మీరు నింపితే ప్రకటనలు నింపవు.

సెక్టర్ 7లోనూ, మిగతా సెక్టర్లలోనూ ఈ లేఖ చదివే తెలుగువాళ్లకు కూడా ఒక మాట. మీ కంప్యూటర్‌లో రిజిస్ట్రీ క్లీనర్ ఉంటే తీసేయండి, దాని చందా ఆపండి. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టం ప్రొటెక్షన్ ఆన్ చేసి ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ఎవరైనా ఫోన్ చేసి మీ కంప్యూటర్‌లో తప్పులున్నాయంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇట్లు,
సెక్టర్ 7 నివాసి, భిలాయి